మెన్‌షెన్ నిద్రపోయిన ఎనిమిది నిమిషాలు

"మంగళవారం పొద్దున చుంగ్ నీతో ఏమన్నాడు?"

ఇన్‌స్పెక్టర్ ఫాన్ రుయ్-యున్ ఈ ప్రశ్న అడగడం అది మూడోసారి. ఎదురుగా కూర్చుంది కూ పీ-యింగ్, చుంగ్‌తో కలిసి పనిచేసిన అమ్మాయి. చేతిలోని కాగితపు కప్పు అంచును గోటితో గీరుతూ ఉంది. అందులో టీ ఎప్పుడో చల్లారిపోయింది. ఒక్క గుక్క కూడా తాగలేదు.

గురువారం, పదకొండు గంటల నలభై నిమిషాలు. చుంగ్ పనిచేసిన కంపెనీ మూడో అంతస్తులో చిన్న మీటింగు గది. ఫాన్ తలుపుకి గడియ పెట్టింది, కిటికీ తెర దించింది. అయినా ఆ అమ్మాయి ప్రతి అర నిమిషానికీ తలుపు వంక చూస్తూనే ఉంది.

ఫాన్ నోటు పుస్తకంలో కేసు మొత్తం నాలుగు వరసలే. చుంగ్ కువాన్-తింగ్, ముప్ఫై ఎనిమిదేళ్ళు, కంప్యూటర్లని నడిపే కెర్నెల్ అనే ప్రోగ్రాం రాసే ఇంజనీరు. మంగళవారం 12:41కి కింది అంతస్తు లాబ్‌లోకి ఒంటరిగా వెళ్ళాడు. 12:58కి మంటలార్పే గ్యాస్ ఆ గదినిండా విడుదలైంది. 1:34కి తలుపు తెరిచినవాళ్ళకి అతను గుమ్మానికి రెండడుగుల దూరంలో ఊపిరాడక చచ్చిపడి ఉన్నాడు. మధ్యలో ఆ తలుపు ఇంకెవరికీ తెరుచుకోలేదని రికార్డు చెబుతోంది. హెచ్చరిక సైరన్‌ని ఆపిందీ, గ్యాస్ వదిలిందీ చుంగ్ పేరుతోనే.

ఆత్మహత్య. రాజధాని నుంచి వచ్చిన ప్రత్యేక దళం నాయకుడు కెప్టెన్ శ్యావ్ రెండు రోజుల్లో తేల్చేసిన మాట అది.

"నిన్న కెప్టెన్ గారికి అన్నీ చెప్పాను మేడమ్," అంది పీ-యింగ్ చివరికి.

"ఆయన కాగితం చదివాను. రెండు గంటలు ప్రశ్నలడిగి ఆరు లైన్లు రాశారు. ఆ గదిలో ఇంకెవరున్నారు?"

"యెన్ సార్."

"మీ మేనేజరా? సాక్షిని అడుగుతుంటే ఆయనకి అక్కడేం పని?"

"నాకు ధైర్యంగా ఉంటుందని కెప్టెన్ గారే కూర్చోబెట్టారు."

ఫాన్ ఆ మాట రాసుకుంది. ఇంకో ప్రశ్న వేసేలోపే తలుపు దబదబ మోగింది.

గడియ తీసేసరికి కెప్టెన్ శ్యావ్ నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కొత్త విజిటర్ కార్డు. వెనక మేనేజర్ యెన్ చీ-హావ్ చేతులు కట్టుకుని, ఎవరింట్లోనో చావుకి వచ్చినవాడిలా తల వంచుకుని ఉన్నాడు.

"ఫాన్ అక్కా! ఇంకా ఇక్కడేనా? మీ ఊళ్ళో స్కూటర్ దొంగలు అయిపోయారా?"

"అవలేదు కెప్టెన్ గారూ. వాళ్ళని పట్టుకుంటే కనీసం స్కూటర్ అయినా దొరుకుతుంది. మీ ఫైల్లో ఏం దొరుకుతుందా అని చూస్తున్నాను."

"రికార్డు దొరుకుతుంది. సెకన్లతో సహా. మనుషులు అబద్ధం చెబుతారు, యంత్రం చెప్పదు."

"అలాగా?" ఫాన్ సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన గుండ్రటి కాగితం తీసింది. "ఇది గ్యాస్ సిలిండర్ల పక్కన తిరిగే కాగితం. స్ప్రింగు గడియారం తిప్పుతుంది, పీడనాన్ని సూది గీస్తుంది. కంప్యూటర్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. గీత ఎక్కడ పడిపోయిందో చూడండి. ఒంటిగంటా ఆరు నిమిషాలు. మీ రికార్డులో పన్నెండూ యాభై ఎనిమిది. ఎనిమిది నిమిషాలు ఎక్కడికి పోయాయి?"

శ్యావ్ కాగితాన్ని ముట్టుకోలేదు. "బొమ్మ గడియారం. తప్పు నడిచి ఉంటుంది."

"నిన్న రోజంతా నా వాచీతో సరిచూశాను. నిమిషం తేడా లేదు. దానిమీద దుమ్ము కూడా చెదరలేదు, అంటే ఎవరూ వేలు పెట్టలేదు."

"చుంగ్ మూడు వారాలుగా నిద్రపోలేదు ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు యెన్ మెత్తగా. "తను రాసిన దాంట్లో తప్పు తనకే దొరకలేదు. మా పనిలో అది మనిషిని లోపల్నుంచి కొరికేస్తుంది. నేనింకా ముందే కనిపెట్టి ఉండాల్సింది."

"పన్నెండూ యాభై ఐదు నుంచి ఒకటిన్నర దాకా మీరు ఒసాకా కస్టమర్లతో వీడియో కాల్‌లో ఉన్నారు కదూ?"

"ఔను. ఏడుగురు చూశారు."

"యాభై ఐదుకి ముందు?"

యెన్ ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వాడు. "అన్నం తిన్నాను."

శ్యావ్ మధ్యలోకి వచ్చాడు. అతని గొంతులో నవ్వు పోయింది. "చాలు. రేపు పొద్దున ఫైలు ప్రాసిక్యూటర్ చేతికి వెళ్తుంది. ఈలోపు ఈ అమ్మాయిని మళ్ళీ కదిలిస్తే మీ పైవాళ్ళతో నేను మాట్లాడాల్సి వస్తుంది. మీకు రిటైర్మెంట్ ఇంకెంతో దూరం లేదనుకుంటా?"

"ఎనిమిదేళ్ళుంది. ఓపిక మాత్రం ఇవాళ్టికే ఉంది. తలుపు వేసి వెళ్ళండి."

వాళ్ళ అడుగుల చప్పుడు దూరమైంది. తర్వాత పీ-యింగ్ కప్పు బల్లమీద పెట్టింది. గొంతు బాగా తగ్గించి అంది.

"'నా బగ్ కాదు, పీ-యింగ్' అన్నాడు. 'మూడు వారాలు లేని తప్పు కోసం వెతికాను' అన్నాడు."

ఫాన్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నాకు అర్థమయ్యేట్టు చెప్పు. నాకు కంప్యూటర్ అంటే టైపు కొట్టే పెట్టె, అంతే."

"ఒక పెద్ద యంత్రం ఉంటుంది మేడమ్. దాన్ని నడిపేది కెర్నెల్. లోపల పది చిన్న యంత్రాలున్నట్టు అది నాటకమాడుతుంది. ఒక్కో చిన్న యంత్రమూ నేనే నిజం యంత్రాన్ని, ఈ ఇల్లంతా నాదే అనుకుంటుంది. వర్చువల్ మెషీన్ అంటారు. మా సరుకు మేమే వాడాలని ఈ బిల్డింగ్ తలుపులన్నీ అలాంటి ఒక మెషీన్‌కే అప్పజెప్పారు. చుంగ్ అన్న దానికి మెన్‌షెన్ అని పేరు పెట్టాడు."

గుమ్మాలకి అంటించే ద్వారదేవుడి పేరు. ఫాన్ తల ఊపింది.

"ఆ మెన్‌షెన్ గడియారం అప్పుడప్పుడు వెనకబడేది. ఓసారి ఐదు నిమిషాలు, ఓసారి ఏడు. గంటలోపు మెల్లగా సర్దుకునేది. కెర్నెల్‌లో అన్న రాసిన భాగంలోనే తప్పుందన్నారు అందరూ. యెన్ సార్ అయితే మీటింగులో అందరి ముందూ, 'ఇలాంటి కోడ్ రాసినవాడు రాత్రిళ్ళు ఎలా నిద్రపోతాడో' అన్నాడు."

"మరి తప్పు కాకపోతే అదేమిటి?"

"ఎవరో ఆపుతున్నారు." పీ-యింగ్ మళ్ళీ తలుపు వంక చూసింది. "చిన్న యంత్రాన్ని ఆపితే ఆగినట్టు దానికే తెలీదు మేడమ్. మత్తిచ్చి లేపినట్టు. బయట ఎనిమిది నిమిషాలు గడుస్తాయి, దానికి మాత్రం రెప్ప వేసినంత. టైమెంత అని అది అడగాల్సింది కెర్నెల్‌నే. కెర్నెల్ ఏం చెబితే అదే నిజం."

"అది ఆగినప్పుడు తలుపులు?"

"ఐదు సెకన్లు సంకేతం రాకపోతే తాళాలు వాటంతటవే ఊడతాయి. మంటల్లో ఎవరూ చిక్కుకోకూడదని అలా పెట్టారు."

"ఎవరు వచ్చిందీ వెళ్ళిందీ రాసేది?"

"అదీ మెన్‌షెనే. నిద్రలో ఏం రాస్తుంది?"

ఫాన్‌కి అర్థమైంది. హంతకుడు తలుపు బద్దలు కొట్టలేదు, దొంగ కార్డు గీకలేదు. కాపలావాడిని నిద్రపుచ్చి దర్జాగా నడిచి వచ్చాడు. ఆ కాపలావాడేమో కళ్ళు తెరిచి, నేనసలు నిద్రే పోలేదని ప్రమాణం చేస్తున్నాడు.

"ఆ లాబ్‌లో దొంగిలించేంత ఏముంది?"

"బయటికి లైను లేని కంప్యూటర్ ఒకటుంది. మా కెర్నెల్ ఇది అని నమ్మించే సంతకం అందులో ఉంటుంది. అది దొరికితే ఎవరైనా తమ కెర్నెల్ తయారుచేసి మాది అని పంపొచ్చు. మా యంత్రాలు ఆసుపత్రుల్లో ఉన్నాయి. కరెంటు సబ్‌స్టేషన్లలో ఉన్నాయి. ఒక్కసారిలో కాపీ అవదు. ముక్కలు ముక్కలుగా తీయాలి. అందుకే అన్నిసార్లు ఆపారు."

"ఇదంతా నమ్మడానికి సాక్ష్యం ఉందా?"

పీ-యింగ్ తల ఊపింది.

"కెర్నెల్ కూలిపోతే తెరమీద ఏమీ రాదు. పోయేముందు అది చెప్పే ఆఖరి మాట వినాలంటే వెనకనుంచి ఒక సీరియల్ కేబుల్ లాగి వేరే కంప్యూటర్‌కి కలుపుతాం. అన్న ఒక పాత లాప్‌టాప్ బల్ల కింద పెట్టుకున్నాడు, వైర్ల గుట్ట వెనక. దాని గడియారం దానిదే. సోమవారం కెర్నెల్‌లో ఒక్క లైను కలిపాడు. మెన్‌షెన్‌ని ఆపమని ఎవరు ఆజ్ఞ ఇచ్చినా, ఏ సీటు నుంచి వచ్చిందో ఆ కేబుల్ మీద మాత్రమే రాయిస్తుంది. మామూలు రికార్డులో కనపడదు."

"అంటే వల వేశాడు."

"మంగళవారం పొద్దున వేశానని నాకు చెప్పాడు. మధ్యాహ్నానికి లేడు." ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. "నేను పిరికిదాన్ని మేడమ్. రెండు రోజులుగా ఆ గది గుమ్మం దాకా వెళ్ళి తిరిగొస్తున్నాను."

"పద. ఇద్దరం వెళ్దాం."

వాళ్ళు కిందికి దిగేసరికి 12:37. మధ్యాహ్నపు కునుకు కోసం ఏడు నిమిషాల క్రితమే ఆఫీసంతా లైట్లు ఆర్పేశారు. బల్లల మీద తలలు వాల్చి కొందరు, మడత మంచాల మీద కళ్ళకి గుడ్డ కట్టుకుని కొందరు. ఎవరూ కదలడం లేదు. మంగళవారం కూడా ఇలాగే నిద్రపోయారు. ఇరవై గజాల దూరంలో ఒక మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఒక్కరికీ మెలకువ రాలేదు. ఫాన్ నడక వేగం పెంచింది.

ఇద్దరూ కార్డులు చూపించారు. తలుపు తెరుచుకుంది, వెనకాలే మూసుకుంది.

కిటికీలు లేని గది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. బీరువాలంత యంత్రాలు రెండు వరసల్లో హోరుమంటున్నాయి. మొదటి దానిమీద, యంత్రం బుద్ధిగా ఉండాలని చుంగ్ పెట్టిన ఆకుపచ్చ చిరుతిళ్ళ పొట్లం అలాగే ఉంది. కుడి గోడకి ఎర్ర సిలిండర్లు. మొదటి నాలుగూ మంగళవారం ఖాళీ అయ్యాయి. పక్కన ఇంకో నాలుగు నిండుగా ఉన్నాయి.

గుమ్మం దగ్గర లోపలివైపు పచ్చ బటన్. ఫాన్ మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది. బటన్ కింద నేలమీద గోళ్ళ గీతలు, సన్నగా, ఐదు. చావాలనుకున్నవాడు తలుపు వైపు పాకుతూ నేల గీరడు. శ్యావ్ ఫైల్లో వీటి ఫొటో లేదు.

"దొరికింది," అంది పీ-యింగ్ బల్ల కిందనుంచి.

మూత మూసి ఉన్నా పాత లాప్‌టాప్ నడుస్తూనే ఉంది. ఇద్దరూ నేలమీదే కూర్చున్నారు. పీ-యింగ్ వెనక్కి జరుపుతూ మంగళవారం దగ్గర ఆగింది.

*12:44:05. మెన్‌షెన్ ఆగింది. ఆజ్ఞ: చుంగ్ పేరు. సీటు 3-01.*

*12:52:05. మెన్‌షెన్ నడిచింది. ఆజ్ఞ: చుంగ్ పేరు. సీటు 3-01.*

"సరిగ్గా ఎనిమిది నిమిషాలు," అంది ఫాన్. "12:41కి ఇక్కడికి వచ్చిన మనిషి 12:44కి మూడో అంతస్తులో ఎలా టైపు చేస్తాడు? 3-01 ఎవరిది?"

"యెన్ సార్ క్యాబిన్."

ఫాన్ మనసులో నిమిషాలు పేర్చుకుంది. మూడంతస్తులు దిగాడు. తనని నమ్మిన మనిషిని వెనకనుంచి కొట్టాడు. గ్యాస్‌కి టైమరు పెట్టి, మళ్ళీ పైకెక్కి, మెన్‌షెన్‌ని లేపి, మూడు నిమిషాలు ఊపిరి తీసుకుని ఏడుగురి ముందు నవ్వుతూ కూర్చున్నాడు. గ్యాస్ వదిలినప్పుడు అతను ఒసాకా వాళ్ళతో మాట్లాడుతున్నాడు. ఆ లోపల చుంగ్‌కి తెలివి వచ్చింది. తలుపు దాకా పాకాడు, లేచి బటన్ మాత్రం అందుకోలేకపోయాడు.

"దీన్ని విప్పి తీసుకెళ్దాం," అంటూ ఫాన్ లేవబోయింది.

లాప్‌టాప్ తెరమీద కొత్త లైను పడింది.

*12:49:30. మెన్‌షెన్ ఆగింది.*

పీ-యింగ్ ఆ లైను మీద వేలు పెట్టింది. అది పాతది కాదు. ఇవాళ్టిది. ఇప్పుడే.

ఐదు సెకన్ల తర్వాత తలుపు తాళం టక్కున ఊడింది.

ఫాన్ పిస్తోలు తీసి గోడకి ఆనుకుంది. రెండో చేత్తో పీ-యింగ్‌ని బల్ల వెనక్కి నెట్టింది. తలుపు తోసుకుని ఎవరొస్తారా అని చూస్తోంది. పది సెకన్లు. ముప్ఫై. యంత్రాల హోరు తప్ప ఏమీ లేదు. నిమిషం దాటింది. ఎవరూ రాలేదు.

టక్. తాళం మళ్ళీ పడింది.

*12:50:40. మెన్‌షెన్ నడిచింది.*

"రాలేదేంటి?" అంది ఫాన్ తనలో తను. "మరి ఎందుకు ఆపినట్టు?"

పీ-యింగ్ పక్కనున్న తెరమీద తలుపుల రికార్డు తెరిచింది. చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

*12:49. ఫాన్ రుయ్-యున్. బయటికి.*

*12:49. కూ పీ-యింగ్. బయటికి.*

"ఆగి ఉన్నప్పుడు బయటనుంచి దాని జ్ఞాపకంలో రాసేశారు మేడమ్. ఇప్పుడు ఈ గది ఖాళీ అనుకుంటోంది అది."

ఫాన్ ఒక్క అంగలో వెళ్ళి పచ్చ బటన్ నొక్కింది. మళ్ళీ నొక్కింది. పిడికిలితో గుద్దింది.

"తెరవదు," అంది పీ-యింగ్. ఆమె గొంతు చిత్రంగా నిలకడగా ఉంది, భయం మాటల్ని దాటిపోయినట్టు. "ఖాళీ గదిలోంచి బటన్ నొక్కేవాళ్ళు ఉండరు కదా. లెక్కలోకి తీసుకోదు."

తాళం ఊడి ఉన్న ఆ అరవై ఐదు సెకన్లూ ఫాన్ పిస్తోలు పట్టుకుని లోపలే నిలబడింది. బయటికి దూకాల్సింది.

గోడమీద పసుపు దీపం వెలిగింది. సైరన్ మోగలేదు. మంగళవారం ఆపేసిన దాన్ని ఎవరూ బాగుచేయలేదు.

"ఎంతసేపు?"

"ముప్ఫై సెకన్లు."

ఫాన్ తాళం మీద రెండుసార్లు కాల్చింది. ఉక్కు పలక మీద గుంటలు పడ్డాయి, అంతే. గుండ్లు ఎక్కడికి ఎగిరాయో తెలియలేదు.

"మెన్‌షెన్‌ని నువ్వు ఆపలేవా?"

"ఆజ్ఞలు తీసుకోవడం మానేసింది. నా పేరు తీసేశారు." పీ-యింగ్ ఒక్కసారిగా లాప్‌టాప్ వైపు తిరిగింది. "కానీ కేబుల్ ఉంది. కెర్నెల్ బిగుసుకుపోతే చంపి, ఎక్కడ ఆగిందో చూడ్డానికి అన్న ఒక దారి ఉంచుకున్నాడు. దాన్నే కూల్చేస్తాను. అది పోతే లోపలివన్నీ పోతాయి. మెన్‌షెన్ కూడా."

"కూల్చు!"

"బిల్డింగ్ అంతా..."

"కూల్చమంటున్నానా!"

పీ-యింగ్ వేలు మొదటిసారి తప్పు మీట మీద పడింది. సిలిండర్ మూతి బుస్సుమంది. తెల్లటి చల్లని పొగ నేలమీద పరుచుకుంటూ మోకాళ్ళ దాకా వచ్చింది. ఫాన్ ఆమెని భుజాలు పట్టుకుని బల్లమీదికి ఎక్కించింది. పీ-యింగ్ లాప్‌టాప్‌ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కో మీటా పేరు పలుకుతూ నొక్కింది.

తెరమీద అంకెలు వర్షంలా కురిశాయి. ఆ తర్వాత యంత్రాల హోరు ఒక్కసారి తడబడింది.

ఒకటి. రెండు. ఫాన్ ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. మూడు. దీపం చుట్టూ చీకటి ముసురుకుంటోంది. నాలుగు. పీ-యింగ్ తల తన భుజం మీదికి వాలింది. ఐదు.

టక్.

ఫాన్ ఆమెని నడుం పట్టుకుని ఈడ్చుకుంటూ తలుపుమీద ఒరిగింది. ఇద్దరూ కారిడార్‌లో నేలమీద పడ్డారు. పీ-యింగ్ చేతుల్లో, ఊడిన కేబుల్ వేలాడుతూ, ఆ లాప్‌టాప్ అలాగే ఉంది.

మూడడుగుల దూరంలో రెండు బూట్లు కనిపించాయి. ఫాన్ తలెత్తింది. ముఖానికి ఆక్సిజన్ ముసుగు, భుజాన చిన్న సిలిండరు, చేతిలో లాప్‌టాప్ పట్టేంత ఖాళీ సంచి.

"చేతులు పైకి, యెన్ గారూ," అంది దగ్గుతూనే. పిస్తోలు మాత్రం కదల్లేదు.

అతను ముసుగు లాగేశాడు. ముఖం పాలిపోయి ఉంది. "మీరు... ఎలా బయటికొచ్చారు? రికార్డులో మీరెప్పుడో వెళ్ళిపోయారు కదా."

ఫాన్ అతన్ని గోడకి తిప్పి సంకెళ్ళు వేసింది. అతను ఎదురు తిరగలేదు.

"చుంగ్ సంగతి నాది. ఒప్పుకుంటాను. కానీ ఇవాళ ఆపింది నేను కాదు. నేనిక్కడే నిలబడి ఉన్నాను, చూడండి, నా దగ్గర ఫోన్ కూడా లేదు. నన్ను... నన్ను ఇక్కడ వదిలిపెట్టకండి. స్టేషన్‌కి తీసుకెళ్ళండి. మీ స్టేషన్‌కే."

నిజమే. మెన్‌షెన్‌ని ఆపిన క్షణంలో ఇంకెవరో ఏదో కీబోర్డు ముందు కూర్చుని ఉన్నారు.

"పీ-యింగ్! ఆ చివరి లైను. సీటు నంబరెంత?"

ఆ అమ్మాయి దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ మూత తెరిచింది. భయంలో ఇద్దరూ పూర్తిగా చదవని లైను.

"2-14."

"అదెవరిది?"

"ఎవరిదీ కాదు. రెండో అంతస్తు ఖాళీ గది." పీ-యింగ్ నెమ్మదిగా తలెత్తింది. "ఈ పొద్దునే రాజధాని నుంచి వచ్చినవాళ్ళకి ఇచ్చారు."

కారిడార్ చివర మెట్లమీద అడుగులు వినిపించాయి. తాళాలన్నీ ఊడిన బిల్డింగ్‌లో ఏ తలుపూ అడ్డం లేదు. కెప్టెన్ శ్యావ్ తొందరేమీ లేకుండా దిగి వచ్చాడు. వెనక అతని మనుషులు ఇద్దరు. సంకెళ్ళలో ఉన్న యెన్ వైపు అతను చూడలేదు. నేలమీద పాకుతున్న తెల్లటి పొగ వైపూ చూడలేదు. తిన్నగా పీ-యింగ్ ఒళ్ళోని లాప్‌టాప్ వైపు చూశాడు.

"అది సాక్ష్యం అమ్మాయ్," అన్నాడు చెయ్యి చాపి. "ఇలా ఇవ్వు."